గ్యాస్ తీసిన ముత్యాలప్ప

సుంకప్ప తన పొలంలో నాలుగు బోర్లు వేయించాడు, నాలుగూ ఎండిపోయాయి. అప్పటినుంచి ఏది పనిచేయకపోయినా దాంట్లో ఏదో తక్కువైందనే ఆయన లెక్క. గుత్తి దగ్గర పాల సంఘానికి సెక్రటరీ అయ్యాక కూడా ఆ బుద్ధి పోలేదు. ఎండాకాలంలో చిల్లర్‌లో పాలు చల్లబడలేదంటే చాలు, ఎవరినో పిలిపించి, మిషన్‌లో చల్లబరిచే గ్యాస్ ఇంకాస్త ఎక్కించేవాడు. ఎంత ఉందో చూడమని అడిగే ఓపిక ఆయనకెక్కడిది!

అలాంటి మనిషికి నిన్న సాయంత్రం ఆపరేటర్ ముత్యాలప్ప చిల్లర్‌కు పైపు తగిలించి, గ్యాస్‌ను ఖాళీ సిలిండర్‌లోకి దించుతూ కనిపించాడు. ఇంకేముంది, గొంతు చించుకున్నాడు.

"ఏమప్పా, గ్యాస్ దొంగతనం చేస్తాండావా?"

"దొంగతనం యాడిదన్నా! ఎక్కువైంది. తీస్తేనే పాలు సల్లబడతాయి."

పాలు పోయడానికొచ్చిన ఆడవాళ్లు పకపకా నవ్వారు. సుంకప్ప సిలిండర్ లాక్కుని, అక్కడికక్కడే అతణ్ణి పనిలోంచి తీసేశాడు.

ఈ రోజు పాలు పదకొండు డిగ్రీల దగ్గర మొండికేశాయి. నాలుగుకు దిగకపోతే ట్యాంకర్ వాళ్లు ముట్టరు, రెండు వేల లీటర్లూ పారబోయాల్సిందే. గుంతకల్లు నుంచి మెకానిక్ చంద్రిక రాగానే సుంకప్ప సిలిండర్ చూపించాడు.

"దొంగ తీసిందంతా మళ్లా ఎక్కించు తల్లీ."

ఆమె గేజీలు తగిలించి చూసింది. తన బండిలోంచి ఇంకో ఖాళీ సిలిండర్ తెచ్చి, మిషన్‌లోంచి మరింత గ్యాస్ తీయడం మొదలుపెట్టింది. సుంకప్ప అడ్డం పోయాడు.

"ఓయమ్మో, నువ్వూ తీస్తాండావా?"

"లోపల నీళ్ల మాదిరి ఉండే గ్యాస్ ఆవిరైతేనే కదన్నా, పాలలో వేడిని లాక్కునేది! గొంతుదాకా నింపినారు, ఆవిరయ్యేకి చోటు యాడుండాది? నిన్న తీసినోళ్లెవరో పని తెలిసినోళ్లే. సగంలో ఆపేసినారు, అంతే."

సుంకప్ప నిన్న తను లాక్కున్న సిలిండర్ వైపు చూశాడు. సగంలో ఆపించింది తనే. మీటరు మీద అంకె తొమ్మిదయింది, ఏడయింది. గంటన్నరకు నాలుగు కనిపించేసరికి ఆయనకు అంతా అర్థమైంది. ఇన్నేళ్లూ మిషన్‌కు ఊపిరాడనివ్వనిది తనే. బాగుచేయబోయినవాణ్ణి నలుగురిలో దొంగను చేసిందీ తనే. సిగ్గుతో చచ్చిపోయాడు.

ట్యాంకర్ కదిలీ కదలకముందే ముత్యాలప్ప ఇంటికి పరిగెత్తాడు. అతను వాకిట్లో బర్రెకు గడ్డి వేస్తున్నాడు.

"పాలు సల్లబడినాయా అన్నా?" అని తనే ముందు అడిగాడు.

"సల్లబడినాయప్పా. నువ్వు చెప్పిందే నిజం. అందరి ముందర చెప్తా, పనిలోకి రా."

"నా సంగతి తర్వాత. పొద్దున మా కదిరమ్మ పాలు తెస్తే, దొంగోని పెండ్లాం పాలు మాకొద్దని క్యాన్ ఎనక్కి నెట్టినావంటనే."

అవును, నెట్టాడు. ఈ చేతులతోనే నెట్టాడు. ఆమె కాళ్ల మీద పాలు ఒలికినా చూడనట్టే నిలబడ్డాడు.

"వజ్రకరూరులో పుట్టింటికి పోయింది. రానని చెప్పి పోయింది," అన్నాడు ముత్యాలప్ప, గడ్డి వేస్తూనే. "నేనేం చెప్పినా నమ్మలేదన్నా. నువ్వు చెప్పింటివే, అదే నమ్మింది."