కెమెరా ఎటు చూడాలి

"గేటుకాడ ఏడు నిమిషాలు ఎవురితో మాట్లాడతాండావు?"

బిందె కొళాయి కింద పెట్టి ఫోనెత్తగానే మా ఆయన శరత్ బాబు అడిగిన మాట ఇది. పుంగనూరులో ట్రాక్టర్ల షోరూంలో మేనేజరుగా చేస్తాడు. పొద్దున బస్సెక్కి పోతే చీకటి పడ్డాకే మదనపల్లెకు తిరిగొస్తాడు. పక్కింటి జరీనాకు గిన్నె తిరిగిచ్చానని చెప్పాను. నిన్న ఆమె సేమియా పంపింది, ఖాళీ గిన్నె ఇవ్వకూడదని నాలుగు వడలు వేసిచ్చాను. "గిన్నె ఇయ్యడానికి ఏడు నిమిషాలా?" అని నవ్వాడు. మా ఆయనకు కోపం రాదు. వచ్చినా బాగుండేది, కోపానికైతే బదులు చెప్పొచ్చు. నవ్వుతూ అడిగేదానికి ఏమని చెప్పాలి?

ఆయన చూసే కెమెరాను మా గోడ మీదికి తెచ్చింది నేనే.

నేను వార్డులో పొదుపు సంఘాలు చూసే ఆర్పీని. పోయినేడాది మున్సిపాలిటీ వాళ్లు వీధుల భద్రత పని మొదలుపెట్టారు. వెలగని దీపాలు మార్చారు, సంఘాల ఆడవాళ్లకు మా ఇంటి వెనక కుట్టు కేంద్రం పెట్టారు. జరీనా అక్కడ టీచరు. పగలంతా ఇళ్లలో చాకిరీ చేసే వాళ్లకు తీరేది సాయంత్రమే కాబట్టి ఆరింటికి ఒక బ్యాచ్ కూడా పెట్టించాం. అక్కడికి పోవాలంటే మా ప్రహరీ పక్క సందులోంచే పోవాలి. ఒకవైపు మా గోడ, ఇంకోవైపు స్కూలు వెనక గోడ, ఒక్క ఇంటి వాకిలీ అటు తెరుచుకోదు. ఒక సాయంత్రం బండి మీద వచ్చిన ఇద్దరు జరీనా కూతురు అల్ఫియా చున్నీ లాగి పోయారు. ఆ తర్వాత ఇరవై మందిలో ఆరుగురు మిగిలారు.

అప్పుడు నేనే ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించాను. సందు మూల మా ప్రహరీ మీద ఒక దీపం, ఒక కెమెరా పెడతామన్నారు. కరెంటు మా ఇంటి నుంచే కాబట్టి ఇంటివాళ్ల ఫోన్లోనూ కనబడుతుంది. ఇల్లు నా పేరు మీదే ఉంది. మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసిన మా నాన్న దేవదాసు కట్టి నాకిచ్చిన ఇల్లు. ఒప్పుకోలు కాగితం మీద నేనే సంతకం పెట్టాను. ఫోన్ నంబరు గడిలో మాత్రం మా ఆయన నంబరు రాశాను. ఎవరూ రాయమనలేదు. గ్యాసుకు, పాప స్కూలుకు, ఆధారుకు ఆయన నంబరే రాసి రాసి నా చెయ్యి అటే పోయింది.

కెమెరా బిగించిన రోజు నేను కుప్పంలో ట్రైనింగులో ఉన్నాను. ఆయన సెలవు పెట్టి దగ్గరుండి పెట్టించాడు. వచ్చి చూసి ఎంత సంబరపడ్డానో. మా అత్త విమలమ్మ ఆ రాత్రి ప్రార్థనలో కెమెరా కోసం కూడా దేవునికి స్తోత్రం చెప్పింది.

వారం తిరక్కముందే ఫోన్లు మొదలయ్యాయి. పాలు తీసుకునేటప్పుడు జుట్టు ముడి వేసుకోలేదేమని, మూడు గంటలకు ఎక్కడికి పోయావని. మా అత్తతో చెప్తే, "మొగుడు అంత కనిపెట్టుకోని ఉండాడంటే నీ అదృష్టం కదమ్మా," అంది. నాలుగున్నరకు లేచి, వండి, ఉతికి, ఆమె కాళ్లకు నూనె రాసి, వార్డంతా తిరిగి, మళ్లీ వండుతాను. ఆ పద్నాలుగు గంటలు ఏ కెమెరాకూ పట్టవు. రోజు మొత్తంలో నేను ఊరికే నిలబడేది గేటు దగ్గరే, అది మాత్రం నిమిషాలతో సహా పడుతుంది. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గు నాది కాదని తెలిసినా వేసింది. మెల్లగా గేటు దగ్గరికి పోవడం తగ్గించాను. మూల దాటాల్సొస్తే తల వంచుకుని గబగబా పోయేదాన్ని, సందులో ఆడపిల్లలు పోయినట్టు.

ఆ ఏడు నిమిషాల ఫోను వచ్చిన మధ్యాహ్నం జరీనా గోడ అవతల నుంచి పిలిచింది.

"సాయంత్రం బ్యాచ్ నెలాఖరుకు తీసేస్తారంట అక్కా. కెమెరా ఉండాది కదా, ఇంకా యాల రారు అని మున్సిపాలిటీవోళ్లు అడుగుతాండారు. మొన్న ఆ బండోళ్లు మళ్లా వచ్చినారు. కెమెరాలో ఏమీ పడలేదంట."

బయటికి పోయి తలెత్తి కెమెరాను నిదానంగా చూశాను. అది సందును చూడటం లేదు. మా గేటును చూస్తోంది. ఇన్నాళ్లూ నన్ను చూస్తోందని తెలుసు, సందును చూడటం లేదని మాత్రం తట్టలేదు.

రాత్రి అన్నం వడ్డిస్తూ అడిగాను. తనే తిప్పించానన్నాడు. "సందులో ఏముండాది సూసేదానికి? మనిల్లు ముఖ్యం గదా. నీ మీద నమ్మకం లేక కాదు జెమీమా," అన్నాడు. నేను అడగని మాటకు కూడా జవాబు చెప్పాడు.

తెల్లారి వార్డు సచివాలయంలో రెండు వాక్యాల అర్జీ రాశాను. కెమెరాను సందు వైపు తిప్పాలి, ఫోన్ నంబరు మార్చాలి. గడి దగ్గర చెయ్యి కాసేపు ఆగింది. తర్వాత నా నంబరు రాశాను. ఆ దారినే ఇల్లిల్లూ తిరిగి సాయంత్రం కుట్టుకు రమ్మని చెప్పొచ్చాను.

నాలుగింటికి నిచ్చెనతో మునిశేఖర్ వచ్చాడు. కెమెరాలు బిగించేది ఆయనే. "సార్‌ను ఒక మాట అడగాల్నేమో మేడం," అని నసిగాడు. ఇంటిపన్ను రసీదు తెచ్చి చేతిలో పెట్టి, "దీని మీద పేరు సదువప్పా," అన్నాను. చదివి నిచ్చెనెక్కాడు.

ఆరింటికి సందులో దీపం వెలిగింది. జరీనా మా గేటు దగ్గర నా పక్కనే నిలబడి వచ్చేవాళ్లను లెక్కపెట్టింది. తొమ్మిది మంది పోయారు. చివర్లో అల్ఫియా, చున్నీ రెండు భుజాల మీదా వదులుగా వేసుకుని.

ఫోను మోగింది.

"నా ఫోన్లో కెమెరా కనబడలేదే. పాడైపోయిందా?"

"లేదు, బాగా పనిచేస్తాండాది. సందును సూస్తాండాది."

పుంగనూరు బస్టాండు రొదలోంచి, "మరి నువ్వు యాడుండావో నాకెట్ల తెలిసేది?" అన్నాడు. ఈసారి నవ్వలేదు.

"నేను చెప్తే తెలుస్తుంది. గేటుకాడ ఉండాను, జరీనాతో మాట్లాడతాండాను. ఎంతసేపో చెప్పలేను," అన్నాను.