మజీద్ వరస

రెండు కడుపులు నిలవలేదు. ఈసారి ఫిలోమినా మంచం దిగకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. విజయపురి సౌత్‌లోని ఇరిగేషన్ క్వార్టర్లో ఆ వేసవంతా ఆమెకు మంచమే లోకమైంది. "తొందరగా అయిపోని కథేదన్నా తెచ్చి చదవండి," అని భర్తను అడిగింది.

కృపావరం మాచర్ల బస్సెక్కాడు. అబ్దుల్ మజీద్ అద్దె పుస్తకాల కొట్లో 'రాగిచంద్రుడు' నవలలు ముప్పై రెండున్నాయి. మంత్రం వేస్తే యంత్రాలు కదిలే లోకం అది. కృపావరం వాళ్ళింట్లో డిగ్రీ దాకా చదివినవాడు తనొక్కడే. ఏ పనైనా మొదటినుంచి చేస్తేగాని అతనికి మనసొప్పదు.

"యాడ మొదలుపెట్టాలి భాయ్?"

"అట్టమీద నెంబరుందిగా సారూ. ఒకటి తర్వాత రెండు. డిగ్రీ చదివినోళ్ళకి గూడా నేనే చెప్పాలా?"

ఒకటో పుస్తకం చివర విహంగుడనే రాకుమారుడు రాగిచంద్రుడి నేలమీద ప్రాణం వదిలాడు. ఫిలోమినా గోడవైపు తిరిగి పడుకుంది. చదవడం మానేద్దామా అనుకుంటూనే కృపావరం మర్నాడు రెండోది తెరిచాడు. అందులో అదే విహంగుడు తల్లి ఒళ్ళో కళ్ళు తెరిచాడు.

"మళ్ళీ పుట్టాడా?" అంది ఫిలోమినా. ఎన్నాళ్ళకో ఆమె ముఖం వెలిగింది. ఆ సాయంత్రం కిటికీలోంచి వచ్చే నీటిగాలి కూడా ఆ లోకం నుంచే వస్తున్నట్టుంది.

పుస్తకం వెనక రచయిత ఇచ్చిన జాబితా చూసి కృపావరం ఉలిక్కిపడ్డాడు. తాము చదివిన ఒకటోది అసలు పందొమ్మిదోది! మళ్ళీ మాచర్ల పరుగెత్తాడు.

"నాకు తెలుగు చదవటం రాదు సారూ, ఉర్దూనే," అన్నాడు మజీద్. "ఏది ముందు చిరిగి బైండింగుకొస్తే దానికి ముందు నెంబరేశా. పదేళ్ళుగా మాచర్లంతా ఇట్టాగే చదివింది. ఒక్కడూ అడగలా!"

పుస్తకం మారుద్దామని వచ్చిన మెకానిక్ మౌలాలీ పగలబడి నవ్వాడు. "అడిగేదేంది? మొదట్లో చానా పుస్తకాలు బుర్రకెక్కవు. అదే దాని గొప్పనుకున్నాం!"

కృపావరం గంటసేపు కూచుని అట్టలన్నిటి మీదా పెన్సిల్‌తో సరైన నెంబర్లు వేశాడు. సరైన వరసలో మొదటి నాలుగు పుస్తకాలు సంచిలో వేసుకుని ఇంటికొచ్చి, వరస తప్పి చదివామని ఒప్పుకున్నాడు.

"సరైన వరసలో మళ్ళీ మొదలుపెడతాను, ఫిలోమినా."

"మీ వరసలో వాడేమవుతాడు?"

"పుడతాడు, పెరుగుతాడు, పందొమ్మిదో దాంట్లో..."

"మజీద్ భాయ్ వరసలో?"

"పోయినవాడు పుడతాడు."

"మరింకేందండీ?" ఫిలోమినా చెయ్యి కడుపు మీదికి జారింది. "నాకా వరసే కావాలి."

కృపావరం రబ్బరు తెచ్చుకుని ఆ నాలుగింటి మీది పెన్సిల్ అంకెలు చెరిపేసి, వాటిలో మజీద్ మూడో నెంబరేసింది తెరిచాడు. అందులో విహంగుడు గాలిలో కట్టిన వంతెన మీద తొలి అడుగులు వేస్తున్నాడు. ఫిలోమినా కళ్ళు మూసుకుని, కదలకుండా వాడి వెంటే నడిచింది.