బావమరిది విగ్గు

నా విగ్గు పీకినవాడే విగ్గు కొనిపెట్టమని నా దగ్గరికి వచ్చాడంటే నమ్ముతారా? వచ్చాడు. మా ఆవిడ తమ్ముడు, బేకరీవాడు.

ముందు పాత గొడవ చెప్తాను. పోయినేడాది మా మామగారింట్లో అందరం గ్రూప్ ఫోటోకి నిలబడ్డాం. వీడు వెనకనుంచి నా విగ్గు లాగేసి, మంచినీళ్ళ కూజాకి తొడిగి, "నీ మొగుడికంటే దీనికే నప్పింది కదక్కా" అన్నాడు. అందరూ పడీ పడీ నవ్వారు. మా ఆవిడ కూడా. ఆ ఫోటో బంధువుల వాట్సాప్ గ్రూపులో ఇంకా తిరుగుతూనే ఉంది. నేను మళ్ళీ ఆ ఇంటి గడప తొక్కలేదు. లోపల మాత్రం రగులుతూనే ఉంది. ఎప్పటికైనా పదిమందిలో వాడి తల కూడా వంచాలి, అంతే.

ఇప్పుడు వాడి నెత్తి మైదానమైపోయింది. పైగా కొత్త కొట్టు తెరుస్తున్నాడు.

"పాతవి మనసులో పెట్టుకోకు బావా. కొట్టు తెరిచే రోజు వీడియోలు తీస్తారు. ఈ మొహం నాకే నచ్చట్లేదు. మంచిది చూసిపెట్టు."

"దాందేముంది, పద" అన్నాను.

విగ్గుల కొట్టు ఆవిడ రెండు తీసి ముందు పెట్టింది. ఒకటి అసలు జుట్టుతో అల్లింది. కాస్త పలచన, అక్కడక్కడా నెరుపు. రెండోది ప్లాస్టిక్ దారంతో చేసింది. నల్లగా నిగనిగలాడుతూ సగం నుదురు కప్పేస్తుంది. మొదటిసారి కొనేవాళ్ళు దానిమీదే పడతారు. ఒకప్పుడు నేనూ పడ్డాను. వీడూ పడ్డాడు.

"వారేం పని చేస్తారండీ?" అని అడిగిందావిడ.

ఆ ప్రశ్న ఊరికే అడగరు. ప్లాస్టిక్ జుట్టు వేడికి ఆగదు. పొయ్యి ముందు నిలబడేవాళ్ళకి అది అమ్మరు.

వాడు నోరు తెరిచేలోపు "వ్యాపారం" అన్నాను.

"కూర్చుని చేసేదేనా?"

"గల్లా దగ్గర కదలడు. ఒళ్ళు వంచే రకం కాదులెండి."

వాడు నవ్వాడు. "మా బావకి నేనంటే ఎంత ప్రేమో చూశారా" అన్నాడు. అది పెట్టుకుని అద్దంలో అటూ ఇటూ తిరిగాడు.

"పెళ్ళికొడుకులా ఉన్నావురా" అన్నాను.

కొట్టు తెరిచిన రోజు మొదటి ట్రే తనే తీస్తానన్నాడు. అందరూ ఫోన్లు ఎత్తారు. ఓవెన్ తలుపు తెరిచి వంగాడు. వేడిగాలి మొహాన కొట్టింది. ముందరి జుట్టంతా ముడుచుకుపోయి ఉండలు కట్టింది.

"ఏదో మాడుతున్నట్టుందే" అంది మా అత్తగారు.

"బన్నులు బాగానే ఉన్నాయమ్మా" అన్నాడు పనివాడు, వాడి తలకేసి చూస్తూ.

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత కొట్టంతా నవ్వింది. ఒక్కరూ ఫోను దించలేదు. వాడు తలొంచుకుని లోపలి గదిలోకి పోయాడు.

మా ఆవిడ నా మోచెయ్యి గిల్లింది. "మీకు తెలుసు కదూ."

"తెలుసు."

"ఒక్క మాట చెప్పొచ్చుగా."

"నువ్వు ఆ రోజు నవ్వకుండా ఉండొచ్చుగా."

నేను లోపలికి వెళ్ళాను. వాడు విగ్గు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"బావా, కడిగితే మళ్ళీ మామూలవుతుందా?"

కాలిన ప్లాస్టిక్ దారం మళ్ళీ సాగదు. అది నాకు తెలుసు. కుర్చీ లాక్కుని వాడి పక్కన కూర్చున్నాను.

"అవుతుందిరా. చల్లటి నీళ్ళలో కాస్త షాంపూ కలిపి ముంచు. రుద్దకు, పిండకు. తువ్వాలుతో అద్ది స్టాండుకి తగిలించు. ఆరాక కొసల నుంచి పైకి మెల్లగా చిక్కు తీసుకుంటూ రా. ఒకసారికి లొంగదు."

"రోజూ చెయ్యమంటావా?"

"రోజూ" అన్నాను. "ఓపిక ఉండాలి."