నాటిన చేయి

మా ఊళ్లో అక్రోటు చెట్టు నాటేది కాటికి కాళ్లు చాపినవాళ్లే. నాటిన చేయి తొలికాయ చూసిందంటే ఆ ఏడే మట్టిలో కలుస్తుందని నమ్మకం. నాటు అక్రోటు కాపుకి రావడానికి పదిహేనేళ్లు పడుతుంది గనక ఎవరికీ తొందర లేదు. వసంతంలో గడ్డమంచు పడి పూత మాడిపోయినప్పుడు మాత్రం అందరం లబోదిబోమనేవాళ్లం.

మంచు వరసగా కాపు మింగేస్తున్న రోజుల్లో, జిల్లా పరిశోధన తోట నుంచి జుల్‌ఖుమోర్ అనే అమ్మాయి అంటుమొక్కలు తెచ్చింది. అవి మంచు పోయాకే చిగురిస్తాయంది. అక్కడిదాకా అందరూ తలలూపారు. "పైగా నాలుగో ఏటికే కాపు!" అంది సంబరంగా, పాపం. అంతే, అందరూ టీ గిన్నెలు కింద పెట్టేశారు.

"అంటే నాటినవాడికి నాలుగేళ్లేనన్నమాట!" ఎర్గాష్ తాత పకపకా నవ్వాడు. "చావుకి దగ్గరిదారి చూపించడానికి ఓష్ పట్నం దాటి వచ్చావా తల్లీ?"

ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. నాకు ఒళ్లు మండింది. మొగుడు పోయాక ఇద్దరు పిల్లల్నీ, అత్తనీ ఆ కాయల మీదే సాకుతున్నాను. పూత మాడితే మాకు చలికాలం రొట్టెకి గతి లేదు.

"మొక్కలన్నీ నాకివ్వు," అన్నాను. "ఆకలితో చచ్చేకంటే కాయ తినే చస్తాను!"

ఆ చలికాలమంతా మా అత్త హూరినిసా నాతో మాట్లాడలేదు. జుల్‌ఖుమోర్ చెప్పినట్టే మొక్కలు ఎడంగా నాటాను, అంటు కట్టిన చోటు మట్టిలో పూడకుండా చూసుకున్నాను. ఎర్గాష్ తాత కంచె దగ్గర ఆగి ఏటా అడిగేవాడు.

"ఖోసియత్, ఇంకా ఉన్నావా?"

"నీ చావు పులావ్ తినందే ఎక్కడికీ పోను తాతా!"

నాలుగో వసంతంలో మళ్లీ గడ్డమంచు పడింది. ఊరి చెట్ల పూతంతా నల్లబడింది. నా చెట్లు మాత్రం అప్పటికింకా మొగ్గ విప్పలేదు. తర్వాత నింపాదిగా చిగురించి కాయలు పట్టాయి.

కోతరోజున ఊరంతా వచ్చింది, చెట్లని చూడ్డానికి కాదు, నన్ను చూడ్డానికి. జుల్‌ఖుమోర్ బండినిండా కొత్త మొక్కలు తెస్తే ఒక్కరూ అటు పోలేదు. నేనొక కాయ కోసి, పగలగొట్టడానికి రాయి ఎత్తాను. అత్త జనంలోంచి దూసుకొచ్చి నాకు అడ్డంగా నిలబడింది.

"ఈ చెట్లు నాటింది నేను!" అని ఆకాశంకేసి అరిచింది. "దీనికేం సంబంధం లేదు. అడిగేదేదో నన్నడుగు!"

ఇన్నేళ్లూ కోపమనుకున్నది ఆమె భయమని అప్పుడర్థమైంది. అయినా ఊరుకోలేదు.

"అబద్ధం అత్తమ్మా. నాటింది నేనే."

"నోర్ముయ్యి! నా కొడుకు పోయాడు. నువ్వూ పోతే ఆ పిల్లల్ని ఎవరు చూస్తారే?"

"నేను పోను!"

కాయ పగలగొట్టి, అందరూ చూస్తుండగా సగం పప్పు నమిలి మింగాను. పచ్చిపొర కాస్త చేదు తగిలింది, అంతే. మిగతా సగం ఆమె చేతిలో పెట్టాను.

అత్త దాన్ని మెల్లగా తిన్నది. నన్ను కిందినుంచి పైదాకా చూసింది. తర్వాత విసవిసా బండి దగ్గరికి నడిచింది.

"ఏమే పిల్లా, ఇవీ నాలుగేళ్లకేనా?"

"అవునమ్మా."

"నాటినవాళ్లు కాయ కాశాకే కదా పోయేది? అంటే అందాకా చావరన్నమాట!"

జుల్‌ఖుమోర్ తెల్లమొహం వేసింది. "మీ లెక్క ప్రకారం... అంతేగా మరి."

"ఈ ముసలిదానికి నాలుగేళ్లు ఖాయమంటే వద్దంటానా? ఇటియ్యి!"

అత్త మొక్క లాక్కుని అక్కడే గుంత తవ్వడం మొదలుపెట్టింది. ఊళ్లో ముసలివాళ్లంతా బండి చుట్టూ మూగారు. ఎర్గాష్ తాత మెల్లగా నా పక్కకి చేరి గొంతు తగ్గించాడు.

"ఖోసియత్, కాస్త ఆలస్యంగా కాసే రకం లేదటే?"

"లేదు తాతా. నాలుగేళ్లే. పట్టు పార."