చిన్నమ్మ తీసిన ఊరు

ఆ ఇంట్లో పొద్దున్నే ఎవరు బయల్దేరినా ముందు హాల్లో గోడ దగ్గర ఆగేవాళ్ళు. గోడ నిండా చిన్నమ్మ తీసిన ఫోటోలు. వంతెన ఫోటోలో ఆ పూట బండ్లు బారులు తీరి ఉంటే బావ చుట్టుదారి పట్టేవాడు. రేవు ఫోటో తడిసి ఉంటే పాప గొడుగు పట్టుకెళ్ళేది. చేపల బజారు ఫోటోని మాత్రం వాసన పడలేక అక్క బాల్కనీలో తగిలించింది.

ఇల్లు అక్కాబావలది; చిన్నమ్మ అన్నది వాళ్ళ పాప పిలుపు. అదే అందరికీ అలవాటైపోయింది. ఆమె పని కళ్ళజోళ్ళ దుకాణంలో. సెలవు దొరికితే చాలు, కెమెరా మెడలో వేసుకుని ఏదో ఒక పేట చుట్టబెట్టి వచ్చేది. పెళ్ళి మాటెత్తితే "ఈ ఊరిని కట్టుకున్నాగా" అని నవ్వేసేది.

ఆ ఏడు బావకి వేరే ఊరికి బదిలీ అయింది. చిన్నమ్మా వస్తుందని అందరూ అనుకున్నారు గానీ, వస్తావా అని ఎవరూ అడగలేదు. ఆమె కూడా కాదనలేదు. తను పక్కన లేకపోతే అక్కకి కాలూ చెయ్యీ ఆడదని తెలుసు. బట్టలు సర్దుకుంటూ మాటిమాటికీ వెళ్ళి గోడ ముందు నిలబడేది.

అద్దకాల వీధి ఫోటోలో ఒక పెయింటరు నిచ్చెనెక్కి దుకాణం బోర్డు రాస్తున్నాడు. అతని కళ్ళజోడుకి ఒక పుల్ల ఊడితే దారంతో కట్టుకున్నాడు. అది జారినప్పుడల్లా నిచ్చెన వదిలేసి దాన్ని పట్టుకునేవాడు. అది చూస్తే చిన్నమ్మకి ముద్ద దిగేది కాదు.

"ఊళ్ళో కళ్ళజోళ్ళన్నీ నీకే కావాలి" అని అక్క విసుక్కునేది.

ప్రయాణం రోజు లారీ వచ్చింది. సామానంతా ఎక్కించి, చివర్న ఫోటోలు దించబోతుంటే పెయింటరు నిచ్చెన పైమెట్టు మీద కనిపించాడు. చిన్నమ్మ తన చేతిసంచిలోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసుకుని, ఇప్పుడే వస్తానంటూ వెళ్ళిపోయింది.

కాసేపటికి ఆమె ఫోటోలోకి పరుగెత్తుకొచ్చి నిచ్చెన పట్టుకోవడం ముగ్గురూ చూశారు. అతను దిగాడు. ఆమె రంగు డబ్బా మీద కూర్చుని మర బిగించి, జోడు అతని చెవుల వెనక సరిచేసి, తల వంచి చూడమంది. అతను ముందు ఆమెని చూశాడు. తర్వాత తల ఎత్తి తను రాసిన వంకర అక్షరాలు చూసుకుని పగలబడి నవ్వాడు. చిన్నమ్మా నవ్వింది, కళ్ళలో నీళ్ళొచ్చేలా. చెల్లెలు అలా నవ్వడం అక్క చూసి ఎన్నాళ్ళయిందో.

కింద లారీ హారను మోగింది. పిలుచుకు రమ్మంటావా అని బావ అడిగాడు. అక్క ఫోటో మీంచి చూపు తిప్పలేదు. లారీని పొమ్మని, తాము రేపు రైల్లో వెళ్దామని చెప్పింది. ఆ తర్వాత మెల్లిగా అంది, "దాని పెట్టె మాత్రం దించండి."

సాయంత్రం చిన్నమ్మ చేతులకి నీలం రంగుతో, ఆలస్యమైందని బిక్కమొహంతో వచ్చింది. ఖాళీ హాల్లో గోడ మీద ఫోటోలు అలాగే ఉన్నాయి, కింద తన పెట్టె ఒక్కటే ఉంది.

"అక్కా, నా పెట్టె ఎక్కించడం మర్చిపోయారా?"

"మర్చిపోలేదే" అంది అక్క.