లోపల ఒక మనిషి

సారవ్వ పీట మీద నుంచి పడిన చప్పుడు గులాం అలీకి వినబడలేదు. వీపు మీద పంపు, చేతిలో దాని పిడి, కిచకిచమంటూ ఒకటే మోత. రెండో గదిలో చివరి బీరువా వెనక బొద్దింకల మందు కొట్టి ఇటు తిరిగేసరికి పీట ఖాళీగా ఉంది. ఆమె గోడ వారన ముడుచుకుని పడి ఉంది. నోటి వెంట చొంగ కారుతోంది.

పంపు దించి అక్కడే పడేసి, ఆమె చంకల కింద చేతులు వేసి గుమ్మం బయటికి ఈడ్చుకొచ్చాడు. మందు బయటికి పోకుండా తలుపు కింద కుక్కిన పాత పేపర్లు కాళ్ళకు చుట్టుకున్నాయి.

"చెల్లె! సారవ్వా! కండ్లు తెరువు! నీళ్ళు తేండ్రి సార్, జల్ది!"

వరండాలో కబుర్లు చెప్పుకుంటున్న గుమాస్తాలు నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నీళ్ళు తేవడం సారవ్వ పని. అది ఇంకొకరు చేయవలసి వస్తుందని వాళ్ళకు ఎన్నడూ తోచలేదు. చివరికి టైపిస్టు మక్సూదాయే లేచి నల్లా కింద బకెట్ పెట్టింది. ఇద్దరూ కలిసి సారవ్వ మొహం, చేతులు, మెడ కడిగారు. ఆమె రెండుసార్లు వాంతి చేసుకుని, స్తంభానికి ఆనుకుని కూర్చుంది. మే నెల ఎండలో ఆమె చేతులు చల్లగా తగిలాయి.

గోదావరిఖనిలో బొగ్గు తోలే లారీల కంపెనీ ఆఫీసు అది. మూడు గదులు, పదకొండు బీరువాలు, లెక్కలేనన్ని బొద్దింకలు. పోయినసారి యజమాని వచ్చినప్పుడు టీ కప్పులో బొద్దింక తేలింది. ఆ బొద్దింక సంగతి ఏమైందో గాని, మేనేజరు సదాశివకు మాత్రం నాటి నుంచి కంటి మీద కునుకు లేదు. సోమవారం యజమాని మళ్ళీ వస్తున్నాడు. అందుకే ఈ శనివారం మధ్యాహ్నం మందు కొట్టిస్తున్నాడు.

గులాం అలీ ఆయనకు చాలాసార్లు చెప్పి చూశాడు. తాగిన గిలాసలు పొద్దుగూకక ముందే కడిగించమన్నాడు. బీరువాలను గోడకు జానెడు దూరం జరపమన్నాడు. చెమ్మ తగిలే చోట ఫైళ్ళు పెట్టొద్దనీ, నీళ్ళు పోయే మోరీకి జాలీ బిగించమనీ, గోడల పగుళ్ళు సిమెంటుతో పూడ్పించమనీ చెప్పాడు. ఇవన్నీ చేస్తే సగం పురుగు మందు లేకుండానే పోతుంది. సదాశివకు ఈ మాటలు రుచించలేదు. గదిలో అడుగుపెట్టగానే ముక్కు పగిలిపోవాలి, అప్పుడే మందు కొట్టినట్టు. మందు కొట్టించే పని పట్టిన కాంట్రాక్టరు లింగమూర్తికి ఆ సంగతి బాగా తెలుసు. డబ్బా మీద రాసినదానికి రెండింతలు కలపమని గులాం అలీకి హుకుం. అంత ఘాటు మందు కొట్టే మనిషికి కూలి రోజుకు ముప్ఫై రూపాయలు. ముక్కుకు కట్టుకునే తువ్వాల కూడా అతనిదే.

ఇంతకీ సారవ్వకు లోపలేం పని?

ఆరేళ్ళ కిందట ఏటి అవతల ఒక వ్యాపారి ఆఫీసులో గులాం అలీ ఒంటరిగా మందు కొట్టి వచ్చాడు. సాయంత్రానికల్లా సొరుగులో చేతిగడియారం కనబడలేదన్నారు. రెండు రోజులు ఠాణాలో పెట్టి అరికాళ్ళు వాచేలా కొట్టారు. మూడో రోజున గడియారం ఆ వ్యాపారి బావమరిది జేబులోనే దొరికింది. పొరపాటైందని ఒక్కరూ అనలేదు. ఇంటికొచ్చాక అతని భార్య ఆబిదా పాదాలకు కాపడం పెడుతూ, ఇక మీదట ఆఫీసు మనిషి లోపల లేకుండా ఏ గడపా తొక్కొద్దని ఒట్టు వేయించుకుంది. అప్పటి నుంచి అతనిది ఒకటే షరతు. లోపల ఒక మనిషి ఉంటేనే పంపు పడతాడు. ఆ మనిషి ఎవరన్నది ప్రతి ఆఫీసులోనూ దానంతట అదే తేలిపోయేది. ఇక్కడ మూడేళ్ళుగా నెలకు మూడువందల యాభైకి ఊడ్చి, నీళ్ళు పట్టి, టీలు మోసే సారవ్వ కూర్చుంటోంది.

అతను ఆమె మొహం వైపు చూస్తూ, ఇవాళ తాను ఎన్నిసార్లు బయటికి వచ్చాడో గుర్తు చేసుకున్నాడు. ట్యాంకు పావుగంటకు ఖాళీ అవుతుంది. అయినప్పుడల్లా వచ్చి నింపుకుని, చేతులు కడుక్కుని, బీడీ కాల్చి, మళ్ళీ లోపలికి వెళ్ళాడు. అలా నాలుగుసార్లు గాలి పీల్చుకున్నాడు. ఆమె ఒక్కసారి కూడా రాలేదు.

"నేను బయటికొచ్చినప్పుడు నువ్వెందుకు రాలేదు చెల్లె?"

"కూసోమన్నరు గదన్నా," అంది సారవ్వ మెల్లగా. "లేవమని ఎవలన్లే."

గులాం అలీ ఇంకో చెంబెడు నీళ్ళు ఆమె చేతుల మీద పోశాడు.

"పోయినపారి గూడ గిట్లనే అయింది," అంది మళ్ళీ. "మూడు దినాలు కక్కిన. చెప్తే ఇంకోదాన్ని పెట్టుకుంటరని చెప్పలే."

సదాశివ ఫైళ్ళ గదిలోంచి మజ్జిగ గ్లాసు తెచ్చి ఇచ్చాడు. చెడ్డ మనిషి కాదు పాపం, గ్లాసు స్వయంగా తెచ్చాడు.

"ఎండ దెబ్బ. మజ్జిగ తాగు, తగ్గుతది. ఇంక ఫైళ్ళ గది ఒక్కటే గద, అరగంట పని. అయినంక ఇంటికి పో."

"ఎండ దెబ్బ కాదు సార్, మందు ఎక్కింది. దవాఖానకు తోల్కపోవాలె."

"పోవచ్చు. ముందు పని కానియ్యి."

"గా గదిల మళ్ళ ఈమెను కూసోబెడ్తరా?"

సదాశివకు చిర్రెత్తింది. "నాకేం సరదానా? మా మనిషి లోపల లేకుంటే పంపు పట్టనన్నది ఎవలు? నువ్వే గద! మూడేండ్ల సంది నీ మాట మీదనే నడుస్తున్నది. ఇప్పుడు నన్నంటవేంది?"

ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. అందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు. తన పేరు మీద మచ్చ పడకుండా ఇన్నాళ్ళూ ఈ ఆడమనిషి ఊపిరిని అడ్డం పెట్టుకున్నాడు. పరాయి సొమ్ము ముట్టలేదని ఊరంతా చెప్పుకు తిరిగాడు. సిగ్గుతో అతనికి తల ఎత్తబుద్ధి కాలేదు.

సారవ్వ స్తంభం పట్టుకుని లేచింది.

"లొల్లి వద్దన్నా. నేను కూసుంట. నాకు నౌకరి కావాలె."

ఒక్కడే లోపలికి వెళ్ళి ఆ గది ముగించవచ్చు. గులాం అలీ ఆ సంగతీ ఆలోచించాడు. ఫైళ్ళ గదిలో సదాశివ మేజా ఉంది. దాని సొరుగుకు తాళం పడదు. రేపు అందులో కలం కనబడకపోయినా అడిగేది తననే. అరికాళ్ళు సలిపినట్టయింది. అయినా సారవ్వ ఒక అడుగు ముందుకు వేసేసరికి అతను గుమ్మానికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"నువ్వు పోవద్దు చెల్లె. మక్సూదా, రిక్షా పిలువమ్మా."

మక్సూదా మేనేజరును అడగలేదు. చెప్పులు వేసుకుని రోడ్డు మీదికి నడిచింది.

"లింగమూర్తికి చెప్తా," అన్నాడు సదాశివ. "రేపటి సంది నీకు పని ఉండదు, చూసుకో."

"చెప్పుండ్రి." గులాం అలీ గుమ్మంలోంచి కదల్లేదు. "మీరన్నది నిజమే సార్. లోపల ఒక మనిషి కావాలె అన్న. అనకపోతె నా బతుకు ఠాణాల తెల్లారుతదని భయపడ్డ. గని సారవ్వనే కావాలె అని ఎన్నడన్న అన్ననా? మీరు రాండ్రి. మీరు కూసోండ్రి. అరగంట పనే గద."

రోడ్డు మీద రిక్షా వచ్చి ఆగింది. మక్సూదా సారవ్వ నడుం చుట్టూ చెయ్యి వేసి, మెట్లు ఒక్కొక్కటే దింపుతోంది. గులాం అలీ గుమ్మంలోంచి పక్కకు తప్పుకుని, సదాశివ వెళ్ళడానికి దారి ఇచ్చి నిలబడ్డాడు. గుమాస్తాలు నలుగురూ ఇప్పుడు మేనేజరు వైపే చూస్తున్నారు.