పటిక అంటని చోటు

కోటిలింగం చెక్క అచ్చును పటిక నీళ్ళలో అద్ది, గుడ్డ మీద ఆనించి, పిడికిలితో ఒక్క పోటు పొడిచాడు. అచ్చు తీశాక చూస్తే తడి తప్ప ఏమీ కనబడదు. ఎర్రగా రావలసిన పువ్వులన్నీ అంతే, గుడ్డను రంగు నీళ్ళలో ఉడకబెట్టినప్పుడే, పటిక తగిలిన చోట ఎరుపు పైకి తేలుతుంది. గోనె సంచులు పరిచిన బల్ల ముందు నిలబడి నిలబడి అతని నడుము కుడివైపుకు ఒరిగిపోయింది. అరచేతి అంచున, పోటు తగిలే చోట, చర్మం చెప్పు అట్టలా గట్టిపడింది. పెడనలో ఈ అద్దకాల షెడ్డు, ఈ బల్ల, సాయంత్రం ఒక బీడీ. అతని బతుకంతా ఇంతే. దాని మీద అతనికి ఏ ఫిర్యాదూ లేదు.

"ఏం బావా, మీ వంశీకి పరీక్ష ఇవాళేగా?" ఎదుటి బల్ల దగ్గర నుంచి బషీర్ అడిగాడు.

"ఆఁ, మధ్యాహ్నం. గుడివాడలో. ఇది గట్టెక్కితే పై ఏడాదిలోకి వెళ్తాడు. లేకపోతే ఉన్నచోటే ఉంచేస్తారంట."

"ప్రశ్నలు కూడా ముందే చెప్పేస్తాడేమో! టాస్ వెయ్యకుండానే ఎవరు గెలుస్తారో చెప్పే మొనగాడాయె."

కోటిలింగం నవ్వాడు. కొడుకు క్రికెట్ పందెంలో గెలిచి తల్లికి మిక్సీ తెచ్చినప్పుడూ ఇలాగే నవ్వాడు. తరవాత వాడు అన్నం దగ్గర కూడా ఫోను కింద పెట్టడం మానేశాడు. ఇంటర్లో కాలేజీకి మొదటివాడుగా వచ్చిన పిల్లాడికి ఇంజనీరింగులో సబ్జెక్టులు మిగిలిపోసాగాయి. లెక్కలు చెప్పే పూర్ణిమ మేడమ్ ఇంటికి ఫోను చేసింది.

"కోటిలింగం గారూ, మీవాడు వెనక బెంచీలో కూర్చుని స్కోర్లు చూసుకుంటున్నాడండీ. ఒకసారి వచ్చి మాట్లాడండి."

"ఉడకనివ్వండమ్మా, రంగు అదే తేలుతుంది," అన్నాడు కోటిలింగం. వెళ్ళలేదు. అతని పనిలో తొందరపడ్డవాడి గుడ్డే పాడవుతుంది.

మధ్యాహ్నం, ఆరిన గుడ్డలు జాడించడానికి కాలవకు వెళ్ళాడు. రేవు మెట్ల మీద నాగవంశీ కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద ఇంట్లో తొడుక్కునే పాత టీషర్టు. కళ్ళు ఫోనులో.

"రైలు తప్పిపోయిందా?"

"లేదు నాన్నా. ఎక్కలేదు."

"పరీక్ష మొదలై ఉంటుంది కదరా."

"ఉంటుంది."

కోటిలింగం గుడ్డలు గట్టున దించాడు. "డబ్బులేమైనా పోయాయా? చెప్పు, చూద్దాం."

"పోయాయి, వచ్చాయి. అది కాదు నాన్నా." వంశీ ఫోను బోర్లా పెట్టాడు. "పుస్తకం తెరిస్తే ఒక్క లైనూ అర్థం కావట్లేదు. చదివి మర్చిపోయింది కాదు. అసలు చదవనే లేదు. ఇవాళ వెళ్ళినా రాయడానికి నా దగ్గర ఏమీ లేదు."

తండ్రి ఒక గుడ్డ కొస అందించాడు. గుడ్డలు ఇద్దరూ కలిసి జాడించారు.

షెడ్డు వెనక రాగి డేగిసాలో రంగు నీళ్ళు మరిగాయి. వంశీ కర్రతో కలియబెడుతుంటే పువ్వులు ముందు ఇటుక పొడిలా, తరవాత దానిమ్మ గింజల్లా ఎర్రబడ్డాయి. ఒక కొసన మాత్రం తెల్లగా ఉంది.

"ఇక్కడ అచ్చు పడలేదు నాన్నా."

"పడలేదు. పటిక అంటని చోట రేపటిదాకా ఉడికించినా..." అంటూ కోటిలింగం ఆగిపోయాడు. మేడమ్ పిలిచిన రోజే వెళ్ళి ఉండవలసింది.

పొయ్యిలో మంట తగ్గాక వంశీ అన్నాడు: "నాగాయలంక మావయ్య రొయ్యల చెరువు దగ్గరికి మనిషి కావాలన్నాడు. అక్కడ సిగ్నలు సరిగా రాదు. వెళ్తాను."

"మరి చదువు?"

"ఇక్కడుంటే నావల్ల కాదు. అక్కడ చూస్తాను."

"మీ అమ్మకి చెప్పి వెళ్ళు."

"చెప్తే ఏడుస్తుంది. ఆగిపోతాను."

కోటిలింగం రోడ్డు దాకా వెంట నడిచాడు. ఫోను ఇచ్చి వెళ్ళమని అడగాలనుకున్నాడు. అడిగేలోపే బందరు బస్సు వచ్చింది. "బందరులో ఒకసారి, అవనిగడ్డలో ఒకసారి బస్సు మారాలి. నిద్రపోకు," అన్నాడు. వంశీ తలూపి ఎక్కాడు.

ఇంటికి వచ్చేసరికి భార్య కనకమహాలక్ష్మి గదిలో దీపం వేసి నిలబడి ఉంది.

"ఏవండీ, పొద్దున ఇస్త్రీ చేసిన చొక్కా ఇక్కడే ఉందేంటి? మరి వాడేం తొడుక్కుని వెళ్ళాడు పరీక్షకి?"

తలుపు వెనక మేకుకు తెల్లచొక్కా మడత నలగకుండా వేలాడుతోంది. జేబులో ఆమె కొనిపెట్టిన కొత్త పెన్ను ఉంది. దాని మొనకు అంటించిన మైనపు బొట్టు అలాగే ఉంది.